వరాలు మిర్చీలు తిన్న అధ్యాయం

చచ్చిన తర్వాత మాత్రమే దొరికే ధ్రువపత్రాలు మన దేశంలో రెండు ఉన్నాయి. మొదటిది మరణ ధ్రువపత్రం. రెండోది, కథల్లో మగవాడి చేతిలో మోసపోయిన ఆడదానికి ఇచ్చే శీల ధ్రువపత్రం. మొదటిది మున్సిపాలిటీలో నలుగురిని పట్టుకుంటే బతికున్నవాళ్ళకు కూడా దొరుకుతుందంటారు. రెండోదాని విషయంలో అలాంటి అవినీతి ఎన్నడూ జరగలేదు.

ఈ రెండో పత్రం జారీ చేసే అధికారం ఉమ్మడి రాష్ట్రంలో ఒకే ఒక్క సంఘానికి ఉండేది. దాని పేరు కాల్పనిక స్త్రీపాత్రల శీల పరిశీలన స్థాయీ సంఘం. తార్నాక దగ్గరి ఒక క్యాంపస్‌లో, తెలుగు శాఖ మేడ మీద, జిరాక్సు మిషను పక్క గదిలో దాని ఆఫీసు. మోసపోయిన నాయిక మీద ఎవరు పరిశోధన చేసినా, సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఆ నాయిక మంచిదేనని ఈ సంఘం చేత ముద్ర వేయించుకోవాలి. (మోసం చేసిన మగవాళ్ళ మీద పరిశోధన చేసేవారికి ఈ బెడద లేదు. వారు నేరుగా బైండింగుకు పోవచ్చు.)

నిబంధనలు తాము రాసినవి కావని, గొప్ప నవలలను వడగడితే అడుగున మిగిలినవని సంఘం అధ్యక్షులు ఆచార్య అచ్యుతరామయ్య గారు చెప్పేవారు. మోసపోయిన నాయిక మొదట మూర్ఛపోవలెను. లేచిన తర్వాత అద్దం చూడరాదు. ఏడ్వవలెను, కానీ ముక్కు కారరాదు. బావి, చెరువు, రైలుపట్టా, ఈ మూడింటిలో ఒకటి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండవలెను. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏడో నిబంధన. మోసం జరిగిన తర్వాత నాయిక ఆకలితో ఏమీ తినరాదు. ఇరుగమ్మ పొరుగమ్మ బలవంతం చేస్తే జావ తాగవచ్చు, అదీ సగంలో గిన్నె పక్కన పెట్టేయవలెను.

స్నేహలత అనే పరిశోధక విద్యార్థిని పీకల మీదికి వచ్చింది ఈ ఏడో నిబంధనే.

ఆమె పరిశోధిస్తున్న నవల అచ్చయి చాలా కాలమైంది. లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క ప్రతిని ఆమెకు ముందు చెదపురుగులు మాత్రమే చదివాయి. అందులో నాయిక పేరు వరాలు. కాలువ పనుల కోసం కోస్తా నుంచి వచ్చిన సుందరరావు అనే డిప్యూటీ ఇంజనీరు ఆమెను పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, కడుపు చేసి, బదిలీ వేయించుకుని పోతాడు. ఆ కబురు తెలిసిన పేజీలో నవలా రచయిత ఇలా రాశాడు: "ఆ సాయంత్రం వరాలు బస్టాండులో బండి ముందర నిలబడి మిర్చీలు తిన్నది. వేడిగా ఉన్నాయి. ఉల్లిగడ్డ ఇంకొంచెం వెయ్యమని అడిగింది."

అంతే. ఆ తర్వాత వరాలు చావదు. బిడ్డను కంటుంది, బట్టలు కుట్టడం నేర్చుకుంటుంది, చివరి పేజీలో తలుపుకు గొళ్ళెం పెట్టి పనికి పోతుంది.

స్నేహలత ఆ పేజీని మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో అందరి ముందూ ఏడ్చింది. మోసానికి కాదు, మిర్చీలకు. తనకు బాగా తెలిసిన సంగతిని అచ్చులో చూసుకోవడం ఆమెకు అదే మొదలు. ఇన్నేళ్ళ పరిశోధనంతా ఆ పేజీ కోసమే చేసింది. అధ్యాయం పేరు కూడా "ఆకలి" అనే పెట్టింది.

అవి సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. నగరం మొత్తం మీద సమ్మెలో పాల్గొననివి రెండే. ఒకటి దోమలు, రెండోది పీహెచ్‌డీ గడువు. స్నేహలత రిజిస్ట్రేషను ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఈలోగా వరాలుకు ముద్ర పడకపోతే చదివినదంతా బూడిదలో పోసిన పన్నీరే, హాస్టల్ గదిలోంచి ట్రంకుపెట్టె కూడా బయటికి వస్తుంది.

సంఘం సమావేశమైంది. అచ్యుతరామయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని ఆ పేజీని పైకి చదివారు.

"ఏమ్మా స్నేహలతా, మిర్చి బజ్జీ తినడం ఒక సంగతి. పోనీ, దుఃఖంలో ఏం చేస్తున్నదో తెలియక తిన్నదనుకుందాం. మరి ఉల్లిపాయ అడగడం ఏమిటి?"

"మిర్చీలలో ఉల్లిగడ్డ ఏస్కుంటరు గద సార్."

"వేసుకుంటారు. వేస్తే వేశారు. ఈవిడ అడిగింది. ఇంకొంచెం అని కూడా అంది. అడగడంలో కోరిక ఉందమ్మా. ఇంకొంచెం అనడంలో ఆ కోరిక తీరలేదన్న సూచన ఉంది."

సభ్య కార్యదర్శి కొండలరావు "తీరని కోరిక" అని మినిట్సులో రాసుకుని కింద గీత గీశాడు.

స్నేహలత తన గైడు అరుంధతి మేడమ్ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ తార్నాకలో సొంత ఫ్లాట్‌లో, సమ్మె వల్ల దొరికిన తీరికతో ఆవకాయ జాడీలు ఎండబెట్టుకుంటున్నారు. అంతా విని, తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు.

"ఇంతేనా? చంపెయ్యమ్మా."

"ఎవరిని మేడమ్?"

"వరాలునే. ఒక్క పేరా చాలు. నా థీసిస్‌లో నేను ముగ్గుర్ని చంపాను. ఎవరూ ఏమీ అనలేదు, పైగా గోల్డ్ మెడల్ ఇచ్చారు."

"నవల లోపట ఆమె చావలేదు కద మేడమ్."

"నవల అయిపోయాక చచ్చిందని రాయి. తర్వాత ఏమైందో ఎవరు చూశారు చెప్పు? ఫుట్‌నోట్‌లో పెట్టెయ్, కాస్త గౌరవంగా ఉంటుంది."

అరుంధతి మేడమ్ చెడ్డమనిషి కాదు. శిష్యురాలు బాగుపడాలని మనసారా కోరుకునే మనిషి. అందుకోసం ఎవరినైనా చంపడానికి సిద్ధపడటంలో ఆవిడ ప్రేమే ఉంది. కానీ స్నేహలతకు ఒళ్ళు మండింది. బతికి బట్టకట్టిన మనిషిని, బట్టలు కుట్టి మరీ బతికిన మనిషిని, ఫుట్‌నోట్‌లో పడేసి చంపడానికి ఆమెకు చేతులు రాలేదు.

మిగిలిన దిక్కు ఉద్యమమే అనుకుంది. ఆ రోజుల్లో ఆకాశం కింద ఉన్న ప్రతి వృత్తికీ, ప్రతి వీధికీ ఒక జేఏసీ ఉండేది. బాలరాజు ఒక విద్యార్థి జేఏసీకి కన్వీనరు. స్నేహలతకు రెండేళ్ళు జూనియరు, లాఠీదెబ్బలు తిన్నవాడు, నమ్మినదానికి ప్రాణమిచ్చేవాడు. క్యాంటీన్ అరుగు మీద కూర్చోబెట్టి ఆమె కథంతా చెబుతుంటే అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"అక్కా, ఇగ నువ్వు చెప్పకు. నాకు సమజైంది. వరాలు అంటె ఎవరో కాదు, తెలంగాణనే. వాడు కాలువ తవ్వుతనని వచ్చి ఆమెను ముంచి పోయిండు. రేపు పొద్దుగాల్లనే ఆ ఆఫీసు ముంగట ధర్నా. వరాలుకు ముద్ర వెయ్యాల్సిందే."

"మంచిది తమ్మీ. వాళ్ళకు మిర్చీల కాడనే వచ్చింది పేచీ."

"ఏం మిర్చీలు?"

చెప్పింది. బాలరాజు టీ గ్లాసు కింద పెట్టాడు.

"గట్లెట్ల తింటదక్కా?" అన్నాడు గొంతు తగ్గించి. "వాడు మోసం జేసిపోయినంక మిర్చీలు ఎట్ల మింగుడు పడ్తయి? ఆమె తెలంగాణ గద. రేపు జనం ముంగట ఆమె ఫోటో పెట్టి ఏమని స్లోగన్ ఇయ్యాలె?"

ఆ ఏడాది ఆ క్యాంపస్‌లో రెండు ప్రాంతాలవారూ దేనిమీదా ఏకాభిప్రాయానికి రాలేదని చరిత్ర చెబుతుంది. నీళ్ళ మీద రాలేదు, ఉద్యోగాల మీద రాలేదు, హైదరాబాదు ఎవరిదన్న మాట మీద అసలే రాలేదు. వరాలు మీద వచ్చారు. అచ్యుతరామయ్య గారూ, ధర్నాకని వెళ్ళిన బాలరాజూ సంఘం ఆఫీసులో ఒకే బెంచీ మీద, ఒకరి చాయ్ ఒకరికి అందించుకుంటూ కూర్చుని, వరాలు ఆ మిర్చీలు తినకుండా ఉండాల్సిందని ఉమ్మడిగా తీర్మానించారు. ఆమె తెలుగు సాహిత్య నాయిక కనుక తినకూడదని ఒకరు, తెలంగాణ తల్లి బిడ్డ కనుక తినకూడదని మరొకరు. మూజువాణీ ఓటుతో ఆమోదం పొందింది. కొండలరావు ఇద్దరి చేతా ఒకే పేజీలో సంతకం చేయించి, మురిపెంగా జిరాక్సు తీసి పెట్టుకున్నాడు.

అయితే బాలరాజు మనసు మెత్తనిది. అక్క పీహెచ్‌డీ పోవడం అతనికి ఇష్టం లేదు. పరిష్కారం కూడా అతనే కనిపెట్టాడు.

"తినుడు తప్పయితె, తినకుండ కూసుంటె తప్పు తీరుతది గద సార్? రిలే నిరాహార దీక్ష పెడ్దాం. వరాలు తరఫున అక్క కూసుంటది."

అచ్యుతరామయ్య గారు ఆలోచించారు. ప్రాయశ్చిత్తానికి శాస్త్రసమ్మతి ఉంది. ప్రతినిధి ద్వారా కర్మ చేయించడం మన సంప్రదాయంలో ఉండనే ఉంది. ఆమోదించారు.

తార్నాక వైపు గేటు దగ్గర టెంటు లేచింది. వరాలు ఫోటో ఎక్కడా లేదు గనుక ఫ్లెక్సీ వేసేవాడు ఏదో చీరల ప్రకటనలోంచి ఒకావిడను తెచ్చి అంటించాడు. ఆవిడ నవ్వుతోంది. మోసపోయిన నాయిక నవ్వరాదు కనుక ఆ నోటి మీద "శీల సాధన దీక్ష" అన్న అక్షరాలు పడేలా సర్దారు. కింద పరుపు వేశారు, పక్కన డప్పు పెట్టారు. సంఘీభావంగా అచ్యుతరామయ్య గారు కూడా వచ్చి కూర్చున్నారు. (ఇంట్లో పెసరట్లు తినే వచ్చారు. దీక్ష మొదలయ్యేది టెంటులోకి వచ్చాకనే గనుక ఇందులో దోషం లేదు.)

స్నేహలత మెడలో బంతిపూల దండ వేసుకుని, తను తిననిదానికి, తిన్న మనిషి తరఫున పస్తు కూర్చుంది. కడుపు నకనకలాడుతోంది. ఆకలి రుచెరగదని సామెత. ఆమెకు మాత్రం ఎదురుగా చౌరస్తాలో చంద్రయ్య బండి మీద వేగుతున్న మిర్చీల రుచి ఇక్కడిదాకా తెలుస్తూనే ఉంది. తను చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు. వరాలును కాపాడాలని వచ్చి వరాలు నోరు కట్టేస్తున్నానని సిగ్గుపడింది. కానీ ముద్ర కావాలి, గడువు దగ్గరపడింది.

మధ్యాహ్నం అవతలి గేటు దగ్గర ర్యాలీ మీద పోలీసులు భాష్పవాయువు వదిలారు. గాలి ఇటు తిరిగింది. టెంటులో అందరి కళ్ళూ కుళాయిలయ్యాయి. అలవాటున్న కుర్రాళ్ళు ఉల్లిగడ్డలు కోసి, వాసన చూడమని తలా ఒక ముక్క ఇచ్చారు. అచ్యుతరామయ్య గారు ఉల్లిపాయను ముక్కుకు అదుముకుని దగ్గుతూనే కొండలరావుకు రెండు అంశాలు చెప్పి రాయించారు. ఒకటి, సభ్యులు ఉల్లిపాయను వాసన చూశారే తప్ప తినలేదు. రెండు, నవలలో వరాలు ఒక్కసారి కూడా ఏడవలేదన్న లోటు ఆమె ప్రతినిధి కళ్ళ ద్వారా ఇప్పుడు భర్తీ అయింది. (ముక్కు కూడా కారింది గానీ, శాంతిభద్రతల దృష్ట్యా మినహాయించారు.)

పొగ తగ్గాక భూదేవి వచ్చింది. భూదేవి స్నేహలత తల్లి. కాచిగూడలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో వంట చేస్తుంది, గోల్నాకలో ఒక్కగదిలో ఉంటుంది. బిడ్డ దీక్షకు కూర్చున్నదని ఎవరో చెబితే, బస్సులు లేక, టిఫిను డబ్బా పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది.

"ఏందే బిడ్డా, గీడ గూసున్నవు? తెలంగాణ కోసమా?"

"కాదమ్మా. ఒక పుస్తకంల ఆమె కోసం."

"ఏమైంది ఆమెకు?"

"ఒకడు లగ్గం జేసుకుంటనని చెప్పి, కడుపు జేసి ఇడిసిపెట్టి పోయిండు."

"మరి గీడ వాణ్ణి గూసోబెట్టాలె గద. నువ్వెందుకు గూసున్నవు?"

డప్పు కొట్టే కుర్రాడు డప్పు సరిచేసుకున్నాడు.

"వాడు పోయిన్నాడు ఆమె మిర్చీలు తిన్నదంటమ్మా. గందుకు తప్పు పట్టిన్రు."

భూదేవి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక బిడ్డ పక్కన చతికిలబడి, కాళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది. "మీ నాయిన ఇడిసిపెట్టి పోయిన్నాడు నేను గూడ తిన్న. ఊరిడిసి వచ్చి ఈ పట్నంల బస్సు దిగిన, ఎటు వోవాల్నో తెల్వదు. కడుపుల నువ్వుంటివి. ఏడుద్దామనుకున్న గని ఆకలైతున్నది. తిన్నంక ఏడుద్దామనుకున్న. తిన్నంక నిద్రొచ్చింది. పొద్దుగాల లేచి పని దొరుకుతదేమో అని పోయిన. ఏడ్సుడు గట్లనే మిగిలిపోయింది."

స్నేహలతకు ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా దండలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఈ కన్నీళ్ళు భాష్పవాయువువి కావు గనుక కొండలరావు వాటిని ఏ పద్దు కింద రాయాలో తెలియక వదిలేశాడు. బాలరాజు తల దించుకున్నాడు. అచ్యుతరామయ్య గారు మాత్రం కర్తవ్యం మరవలేదు. ముందుకు వంగి, మర్యాదగానే అడిగారు.

"ఉల్లిపాయ కూడానా అమ్మా?"

"ఉల్లిగడ్డ లేకుంట మిర్చి ఎట్ల తింటరు సారూ?"

"భూదేవి అనే మహిళ, నిజ జీవితంలోని వ్యక్తి, ఉల్లిపాయతో సహా తిన్నట్లు స్వయంగా అంగీకరించినది. నిజ జీవితం సంఘం పరిధిలోకి వచ్చునా రాదా అనునది ఉపసంఘానికి నివేదించడమైనది." ఇది కొండలరావు మినిట్సు.

సాయంత్రం దీక్ష విరమించే వేళ నిమ్మరసం గ్లాసు తెచ్చారు. దాంతో పాటు చివరి కాగితం కూడా వచ్చింది. ముద్ర పడాలంటే ఒక గెజిటెడ్ అధికారి, "ఈమెను నేను వ్యక్తిగతంగా ఎరుగుదును, ఈమె నడవడి మంచిది" అని సంతకం చేయాలి. నవల బయటి అధికారులకు వరాలు తెలియదు. నవల లోపల వెతికితే, వరాలును వ్యక్తిగతంగా ఎరిగిన గెజిటెడ్ అధికారి ఒక్కడే దొరికాడు. ఇరిగేషన్ డిప్యూటీ ఇంజనీరు సుందరరావు.

సంఘం ఊపిరి పీల్చుకుంది. అసలు ఈ దారి ఉండగా ఇంత శ్రమ ఎందుకు పడ్డామా అని కొందరు నొచ్చుకున్నారు కూడా. వరాలు తరఫున స్నేహలత ఉన్నట్టే సుందరరావు తరఫున కూడా ఒకరు ఉండాలి గనుక, అచ్యుతరామయ్య గారు వినయంగా ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. కలం తీసి, సుందరరావుగా సంతకం చేశారు. సుందరరావుగానే నిమ్మరసం గ్లాసు అందుకుని స్నేహలత నోటి దగ్గర పెట్టారు.

"తాగమ్మా. నిన్ను క్షమించాను."

స్నేహలత గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"సార్, సుందరరావు నడవడికి ఎవరు సంతకం జేస్తరు?"

అచ్యుతరామయ్య గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. మనస్ఫూర్తిగానే వెతికారు. "ఆయన సంతకం చేసే అధికారి కదమ్మా. చేసేవారి నడవడి చూడాలని ఎక్కడా లేదు."

స్నేహలత గ్లాసు పరుపు మీద పెట్టింది. మెడలో దండ తీసి ఫ్లెక్సీ మీది చీరల ఆవిడకు వేసింది. "అమ్మా, లే" అని తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ రోడ్డు దాటి చంద్రయ్య బండి ముందు నిలబడ్డారు. భయం వేస్తోంది, హాస్టల్ గది, ట్రంకుపెట్టె కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అయినా ఆకలి వేస్తోంది. మిర్చీలు వేడిగా ఉన్నాయి.

"అన్నా, ఉల్లిగడ్డ ఇంకొంచెం ఎయ్యి" అంది.

వరాలు ప్రతినిధి బహిరంగంగా, ఆకలితో తిన్నట్టు ప్రత్యక్ష సాక్షులు ఆ రాత్రే వాంగ్మూలం ఇచ్చారు. పడాల్సిన ముద్ర రద్దయింది, నెలాఖరుకు రిజిస్ట్రేషనూ రద్దయింది. (సాక్షులు దీక్ష విరమించి అదే బండి దగ్గర రెండో వాయికి నిలబడి ఉన్నారు. ఆ సంగతి అడిగే గడి ఫారంలో లేదు.) స్నేహలత గోల్నాకకు వెళ్ళి ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకుంది, థీసిస్‌ను ట్రంకుపెట్టెలోనే ఉంచుకుంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. తార్నాక చౌరస్తాలో రంగులు చల్లుకున్నారు, స్నేహలతా భూదేవీ కూడా వెళ్ళి చల్లుకున్నారు. ఆస్తులూ అప్పులూ నీళ్ళూ పంచుకునే దగ్గర రెండు వైపులవారూ పట్టిన పట్టు విడవలేదు, ఫైళ్ళు అక్కడే ఉన్నాయి. శీల పరిశీలన సంఘం పంపకం మాత్రం ఒక్క పూటలో తేలిపోయింది. నిబంధనల పుస్తకాన్ని కొండలరావు జిరాక్సు తీశాడు, చెరొక ప్రతి తీసుకున్నారు. ఏ కాపీలో ఏది ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కొత్త రాష్ట్రంలో కొత్త సంఘం ఏర్పడిందని, దానికి అధ్యక్షుడు బాలరాజేనని తెలిసి స్నేహలత ట్రంకుపెట్టె తెరిచింది. థీసిస్ దుమ్ము దులిపి, ఆశగా వెళ్ళింది. బాలరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అక్కకు చాయ్ తెప్పించాడు, అమ్మ ఆరోగ్యం అడిగాడు. థీసిస్‌ను రెండు చేతులా అందుకుని, "ఆకలి" అన్న అధ్యాయం దగ్గర ఆగి, చాలాసేపు చదివాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఆప్యాయంగా అన్నాడు.

"అక్కా, మనకు రాష్ట్రం గూడ వచ్చె. ఇగనన్న వరాలును సంపుదం."